గోడ మీది, గిరాకి నాది

ఈ ఎపిసోడ్ ఒక సెలూన్ షాపు గురించి. ఆ షాపు ఇప్పుడు లేదు. దాన్ని ఖాళీ చేయించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ సంగతి ముందే చెప్పేస్తే నాకు మాట్లాడటం తేలిక, మీకు వినటం తేలిక.

మాది హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి అశోక్ నగర్ వైపు వెళ్లే దారిలో ఒక గల్లీ. క్రాస్ రోడ్స్ అంటే బయటివాళ్లకి సినిమా థియేటర్లు. సంధ్య, దేవి, సుదర్శన్, ఓడియన్... కొత్త సినిమా పడిన రోజు పొద్దున ఆరింటికే రోడ్డు నిండిపోయేది. మాలాంటి అక్కడివాళ్లకి మాత్రం ఇంకా చాలా ఉండేవి. ఒకవైపు బస్ భవన్ ఉద్యోగులు, ఒకవైపు చార్మినార్ సిగరెట్లు చేసే వీఎస్‌టీ ఫ్యాక్టరీ వాళ్లు, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, దాని చుట్టూ గ్రూప్స్‌కి చదివే పిల్లలు. ఇంతమంది మగవాళ్లకి నెలకోసారి జుట్టు పెరుగుతుంది కదా. అందుకని మా చుట్టుపక్కల ప్రతి గల్లీకీ ఒక సెలూన్ ఉండేది.

మా ఇంటికి ముందువైపు మూడు మడిగెలు ఉండేవి. మడిగె అనే మాట కోస్తా వాళ్లకి కొత్తగా ఉండొచ్చు. ఇంటి ముందు గదిని రోడ్డువైపుకి తెరిచి, ఒక షట్టర్ పెడితే అదే మడిగె. ఒక దాంట్లో టైలరు, ఒక దాంట్లో ఇస్త్రీ, మధ్యలో సెలూన్. సెలూన్ ఆయన 1991లో వచ్చాడు. నల్గొండ జిల్లా ఊరు. వాళ్ల నాన్న ఊళ్లో ఏడాదికోసారి గింజలు తీసుకుని ఇంటింటికీ క్షవరం చేసేవాడు, పెళ్లిళ్లకి సన్నాయి వాయించేవాడు. ఈయనకి సన్నాయి రాలేదు, కత్తెర వచ్చింది. పదహారేళ్లకి సిటీకి వచ్చి నారాయణగూడలో ఎవరి షాపులోనో సగం-సగం మీద పనిచేశాడు. సగం-సగం అంటే, నువ్వు చేసిన పనికి వచ్చిన డబ్బులో సగం నీది, సగం షాపు ఓనరుది. అలా పదేళ్లు చేసి, కొంత చిట్టీ పాడుకుని, మా నాన్న దగ్గరికి వచ్చి మడిగె అడిగాడు. అప్పట్నుంచి మా నాన్న పెద్దసారు, నేను చిన్నసారు. నాకు యాభై దగ్గర పడుతున్నా ఆయనకి నేను చిన్నసారునే.

ఆ షాపులో ఏముండేదో అందరికీ తెలిసిందే. ఎదురెదురు అద్దాలు, రెండు కుర్చీలు, నీళ్ల స్ప్రే, పటిక ముక్క, ఈనాడు పేపరు ఆరు ముక్కలై ఆరుగురి చేతుల్లో. తొంభైల్లో ఎయిడ్స్ భయం వచ్చాక పాత మంగలి కత్తి పోయి, మనిషికో కొత్త బ్లేడు వచ్చింది. మంగళవారం సెలవు. ఆదివారం మాత్రం పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆయనకి తిండి ఉండేది కాదు.

ఆ షాపు ఎన్ని దెబ్బలు తట్టుకుందో చెప్పాలి. ఎందుకంటే "పాత షాపులు కాలంతో మారలేక పోయాయి" అని ఒక మాట తరచూ వింటాం. నాకు ఆ మాట మీద కోపం.

మొదటిది మెట్రో. క్రాస్ రోడ్స్ మీదుగా వెళ్లే జేబీఎస్-ఎంజీబీఎస్ లైను కోసం ఏళ్ల తరబడి రోడ్డు మధ్యలో బారికేడ్లు. బండి పెట్టే జాగా లేక దూరం గిరాకి పోయింది, గల్లీ గిరాకితో నెట్టుకొచ్చాడు. ఆ లైను 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. హమ్మయ్య అనుకున్న నెలన్నరకే లాక్‌డౌన్. ముట్టుకోకుండా చేసే పని కాదు కదా ఇది. దాదాపు రెండు నెలలు షట్టర్ దించే ఉంది. తీసిన తర్వాత కూడా జనం ఇంట్లోనే మిషన్లు కొనుక్కుని ఒకరికొకరు గీసుకున్నారు. అది సర్దుకుంటుండగా ఇందిరా పార్క్ నుంచి వీఎస్‌టీ దాకా స్టీల్ బ్రిడ్జి పని మొదలు. అది 2023 ఆగస్టులో తెరిచారు. ఇప్పుడు క్రాస్ రోడ్స్‌లో నిలబడి పైకి చూడండి, కింద రోడ్డు, దాని మీద మెట్రో, మెట్రో మీదుగా బ్రిడ్జి. బ్రిడ్జి ఎక్కినవాడికి మా గల్లీ ఒకటి ఉందనే తెలియదు.

ఇవన్నీ తట్టుకున్నాడండి ఆయన. థియేటర్లకి వచ్చే జనం తగ్గితే హాస్టల్ పిల్లలు వచ్చారు. అశోక్ నగర్ అంతా కోచింగ్ సెంటర్లు, రూములు. వాళ్ల కోసం ఫేడ్ కటింగ్ నేర్చుకున్నాడు, నలభై ఏడేళ్ల వయసులో, యూట్యూబ్ చూసి. నోటిఫికేషన్ పడితే గిరాకి, పడకపోతే పిల్లలు ఊళ్లకి పోతారు, షాపు డల్లు. గ్రూప్ వన్ ఎప్పుడో ఆయన మా అందరికంటే ముందు చెప్పేవాడు. ఊరికే తమాషాకి అంటున్నది కాదు, ఆయన కిరాయి దాని మీద ఆధారపడి ఉండేది. పక్క రోడ్డులో ఏసీ సెలూన్ వచ్చింది, యూపీ నుంచి వచ్చిన కుర్రాళ్లు తక్కువ రేటుకి పెట్టిన షాపు వచ్చింది. "గిరాకి ఏడికి పోతది సార్, ఎంటికలు పెరుగుడు ఆగుతదా?" అనేవాడు.

మరి షాపు ఎలా పోయింది? మేం ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం.

నాన్న 2018లో పోయారు. ఇల్లు పాతది, వానొస్తే కారుతుంది, అన్నదమ్ములం ముగ్గురం మూడు చోట్ల ఉన్నాం. బిల్డరు వచ్చాడు. పద్ధతి మీకు తెలుసు కదా, స్థలం మాది, కట్టుబడి ఆయనది, ఫ్లాట్లు పంచుకోవటం. 2022లో సంతకాలు పెట్టాం. అగ్రిమెంట్‌లో ఒక క్లాజు ఉంది. కట్టినన్నాళ్లూ ఓనర్లు వేరే చోట ఉండటానికి బిల్డరు నెలనెలా కిరాయి ఇవ్వాలి. అందరూ రాయించుకునేదే, మేమూ తీసుకున్నాం. ఆ ఇంట్లో అప్పటికి మా అమ్మ ఒక్కతే ఉంది, ఆమె కూడా నా దగ్గరికి వచ్చేసింది. అంటే ఇల్లు మారే ఇబ్బంది అసలు లేనివాళ్లకి ఇబ్బంది డబ్బు వచ్చింది. ముప్పై ఏళ్లుగా అక్కడే తిండి సంపాదించుకున్న ముగ్గురికి ఏమిచ్చాం? వాళ్ల అడ్వాన్సు వాళ్లకి వాపసు, రెండు నెలల గడువు, ఆ రెండు నెలల కిరాయి మాఫీ. చాలా మర్యాదగా చేశామనే అనుకున్నాం అప్పుడు.

చట్టప్రకారం చూస్తే అది ఎక్కువే. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ఉంది గానీ, 2005లో చేసిన సవరణతో నగరాల్లో నెల కిరాయి 3,500 దాటితే అది వర్తించదు. ఈరోజు హైదరాబాద్‌లో 3,500కి పాన్ డబ్బా పెట్టే జాగా కూడా దొరకదు. ఇక మిగిలింది ఆస్తి బదిలీ చట్టం. అది 1882 నాటిది. నెలవారీ కిరాయిదారుకి 15 రోజుల నోటీసు చాలంటుంది. మామూలుగా అందరూ 11 నెలల కాగితమే రాసుకుంటారు. మా సెలూన్ ఆయన ముప్పై ఏళ్లున్నా, చట్టం కంటికి ఆయన ఎప్పుడూ ఈ నెల కిరాయిదారే.

ఇక్కడ నాకు విడ్డూరంగా తోచింది ఒకటుంది. అదే స్థలాన్ని ప్రభుత్వం రోడ్డు కోసం తీసుకుందనుకోండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం అక్కడ మూడేళ్లుగా పనిచేస్తూ దాని మీదే బతికే కుటుంబం, సొంత భూమి లేకపోయినా, బాధిత కుటుంబం కిందికి వస్తుంది. చిన్న వ్యాపారి అక్కడి నుంచి కదలాల్సి వస్తే ఒకసారి ఇచ్చే సాయం కనీసం 25,000 ఉండాలని అందులో రాసి ఉంది. తక్కువే, అది వాళ్ల చేతికి అందటం ఇంకో కథ. కానీ కిరాయికి ఉన్నవాడికి కూడా పోయేది ఏదో ఉందని ఆ చట్టం ఒప్పుకుంది. అదే పని నాలాంటి ప్రైవేటు మనిషి చేస్తే పోయేదేమీ లేదు!

పోయేది ఎంతో లెక్క వేద్దాం. ఇది ఆయన షాపు లెక్కే, నాతో కూర్చుని చెప్పింది. కటింగ్ 100, గడ్డం 50, సగటున మనిషికి 120. మామూలు రోజున పదిహేను మంది, ఆదివారం నలభై. మంగళవారం తీసేస్తే నెలకి సుమారు 60,000. రెండో కుర్చీ కుర్రాడి వాటా 15,000. మా మడిగె కిరాయి 8,000. బ్లేడ్లు, క్రీములు, తువ్వాళ్ల ఉతుకు 5,000. కరెంటు లేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి తెలంగాణలో సెలూన్లకి, లాండ్రీలకి నెలకి 250 యూనిట్ల దాకా ఉచితం. మూడు మడిగెలకీ కలిపి మా పేరు మీద ఒకటే మీటరు ఉండేది, ఆయన కోసం వేరు మీటరు పెట్టించాం. అది ఒక్కటి మంచిపని చేశాం లెండి. మొత్తానికి చేతికి 32,000 మిగిలేది.

ఇప్పుడు కొత్త చోటుకి పోవాలి. మెయిన్ రోడ్డు దగ్గర మడిగె 20,000 కిరాయి, పది నెలల అడ్వాన్సు అంటే రెండు లక్షలు. అద్దాలు, నల్లా, కుర్చీల ఖర్చు వేరే. గిరాకి మొత్తం వెంట వచ్చినా మిగిలేది 20,000. మరి వస్తుందా? సెలూన్‌కి మనిషి నడిచి వెళతాడు. బండి తీసి వెళ్లాలంటే దారిలో ఇంకో నాలుగు సెలూన్లు కనబడతాయి. సగం మందే వస్తారనుకుందాం. 30,000లో కుర్రాడి వాటా ఏడున్నర, కిరాయి ఇరవై, ఖర్చులు మూడు. నెలకి ఐదొందలు జేబులోంచి పెట్టుకోవాలి. అందుకే ఆయన రిస్కు చేయలేదు.

అసలు మడిగె దొరకటమే కష్టమైంది. మూడు చోట్ల ఖాళీ ఉందని బోర్డు చూసి వెళితే, ఏం షాపు అని అడిగి, సెలూన్ అనగానే "వేరేవాళ్లకి మాటిచ్చాం" అన్నారట. పొద్దున్నే ఇంటి ముందు వెంట్రుకలు అశుభం అని ఒకాయన మొహం మీదే చెప్పాడట. ఆ మాట వెంట్రుకల గురించి కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, మీకూ తెలుసు.

మిగతా ఇద్దరి సంగతి చెప్పాలి. టైలరు మిషన్ ఇంటికి తీసుకుపోయాడు. బ్లౌజుల పని కాబట్టి ఫోన్ చేసి, ఫోటోలు పెట్టి, బట్ట పంపిస్తారు. బాగానే ఉంది. ఇస్త్రీ ఆయన ఎక్కడికీ పోలేదు! మా కొత్త అపార్ట్‌మెంట్ కిందే, స్టిల్ట్‌లో పిల్లర్ పక్కన బల్ల వేసుకున్నాడు, పైనున్న ఫ్లాట్లన్నీ ఆయన గిరాకే. బల్ల జరుగుతుంది, బట్ట జరుగుతుంది. సెలూన్‌కి మాత్రం నాలుగు గోడలు, అద్దం, నల్లా, ఎదురుచూడటానికి ఒక బెంచీ కావాలి. ఎక్కువ కుదురుగా ఉండాల్సిన పనివాడే ముందు లేచిపోవాల్సి వచ్చింది.

స్టిల్ట్ అన్నాను కదా. మన గల్లీల్లో మడిగెలు మాయం కావటానికి పెద్ద కారణం అదే. 2012 నాటి 168 జీవో బిల్డింగ్ రూల్స్‌లో కట్టిన దాంట్లో ఇంత శాతం పార్కింగ్ ఉండాలని ఉంది. తప్పు రూలేం కాదు, కారు రోడ్డు మీద పెట్టమని ఎవరంటారు? కానీ చిన్న స్థలంలో పార్కింగ్ ఎక్కడ వస్తుంది, నేలమీదే. ఒకప్పుడు ముగ్గురు బతికిన చోట ఇప్పుడు ఎనిమిది కార్లు పడుకుంటున్నాయి. ఒక్క ఇల్లయితే ఫరవాలేదు. మా గల్లీలో పదేళ్లలో ఒకదాని తర్వాత ఒకటి అన్నీ అంతే అయ్యాయి. కిరాయికి మడిగె ఉన్న ఇల్లు ఇప్పుడు రెండే మిగిలాయి. సుల్తాన్ బజార్ వ్యాపారులు మెట్రో వద్దని రోడ్డెక్కి కొట్లాడారు, వాళ్లకి ఎదురుగా ఒక ప్రాజెక్టు కనబడింది. మా సెలూన్ ఆయన ఎవరి మీద కొట్లాడాలి? చిన్నసారు మీదా?

ఖాళీ చేసే ముందు ఆయన నన్ను ఒకే ఒక్క మాట అన్నాడు, అదీ నవ్వుతూనే. అద్దాలు విప్పుతున్నాడు. నేను ఏదో అనాలి కదా అని, "ఏం చేస్తాం అన్నా, ఇల్లు పాతదైపోయింది" అన్నాను. "గోడ మీది సార్, కాదంటలేను. గిరాకి నాది. గోడకు పైసలొచ్చినయ్, గిరాకికి రాలే" అన్నాడు.

బిల్డరుని ఒక షట్టర్ వదలమని మేం అడగలేదు. ప్లాన్ గీసేటప్పుడు ముగ్గురం అన్నదమ్ములం కూర్చుని లిఫ్టు ఎటువైపు, వాస్తుకి మెట్లు ఎటువైపు అని మూడు నెలలు కొట్లాడాం. మడిగె మాట ఎవరి నోటా రాలేదు. అడిగితే ఒప్పుకునేవాడా, రూల్సులో పట్టేదా, నాకు అర్థమయ్యే అవకాశమే లేకుండా చేసుకున్నాం. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చే ఆలోచనలో ఉన్నవాళ్లు వింటుంటే ఒక పని చేయండి. ఓనర్లకి బిల్డరు ఇచ్చే కిరాయి క్లాజు ఉంటుంది చూశారా, దాని కిందే మడిగెలవాళ్ల పేర్లు కూడా రాయించండి. మొత్తం ఖర్చులో అది బిల్డరు లెక్కలోకి రాని డబ్బు.

ఆయన ఇప్పుడు రామ్‌నగర్ వైపు ఒక షాపులో చేస్తున్నాడు. ఓనరు ముప్పై ఏళ్ల కుర్రాడు, మంచివాడే. పద్ధతి సగం-సగం. పదహారేళ్లప్పుడు నారాయణగూడలో ఏ లెక్క మీద మొదలుపెట్టాడో యాభై ఏడేళ్లకి అదే లెక్క. కొడుకు బీటెక్ చేసి ఉద్యోగంలో ఉన్నాడు, "ఇంక చాలు నాన్నా" అంటాడట. "నా చెయ్యి ఆగదు సార్" అంటాడు ఈయన.

పోయిన నెల వెళ్లాను. కొండాపూర్ నుంచి గంట ప్రయాణం, అమ్మ నవ్వుతుంది, జుట్టు కోసం అంతదూరమా అని. కటింగ్ అయ్యాక అలవాటుగా రెండొందల నోటు ఆయన చేతికి ఇచ్చి, ఉంచుకోండి అన్నాను. ఆయన ఆ నోటు తీసుకెళ్లి ఓనరు గల్లాలో వేసి, వంద తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇక్కడ గల్లా నాది కాదు చిన్నసారూ."