గింజలో దాక్కుని వచ్చే చుట్టం

నా మాటలు వెనక నిలబడ్డ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు.

సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. థింసా గురించో, డప్పు గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను ఒక చిన్న పురుగు గురించి చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా హాస్టల్ ఆవరణలో పూల చెట్లు పెంచుదామనుకున్నాం. పట్నం వెళ్లినప్పుడు రోడ్డు పక్క చెట్ల కింద రాలిన ఎండుకాయలు నేనే సంచి నిండా ఏరి తెచ్చి స్టోరు గదిలో పెట్టాను. విత్తనాల ప్రదర్శన కోసం పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన కందులు, చిక్కుడు గింజలు కూడా అదే గదిలో ఉన్నాయి. నెల తిరిగేసరికి సంచి మీద చిన్న చిన్న పెంకు పురుగులు పాకుతున్నాయి. గింజ గింజకూ గుండ్రటి కన్నం. ఎనిమిదో తరగతి అమ్మాయి చూసి, "మా అవ్వ కొత్త విత్తనాన్ని పాత విత్తనం పక్కన పెట్టనివ్వదు మేడమ్" అంది. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని, ఆ పిల్ల ముందు నాకు మాట రాలేదు.

ఆమె తెచ్చిన చిక్కుడు గింజలు కూడా సగం పుచ్చిపోయాయి. నా సంచి వల్లనో, ఇంటి దగ్గరే పట్టిందో చెప్పలేను. కానీ అవి చనిపోయిన వాళ్ల అవ్వ దాచిన గింజలు. గుప్పెడు మాత్రం మిగిలాయి.

ఈ పురుగు ఎలా బతుకుతుందో వినండి. తల్లి పురుగు కాయ మీదో, గింజ మీదో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు గింజలోకి తొలుచుకుపోయి లోపలి పప్పు తింటూ పెరుగుతుంది. పెద్దదయ్యాక కన్నం చేసుకుని బయటికొస్తుంది. అప్పటిదాకా పైకి గింజ బాగానే కనిపిస్తుంది. అందుకే సంచిలో, పార్సిల్‌లో, ఓడలో ఎంత దూరమైనా పోగలదు.

యూరప్‌లో వీధుల్లో నీడ కోసం గ్లెడిట్సియా అనే చెట్టు నాటారు. అది ఉత్తర అమెరికా చెట్టు. దాని గింజలు తినే పురుగులు కొన్ని ఆసియా నుంచి అక్కడికి చేరాయి. చెట్టూ ఆ ఊరిది కాదు, పురుగూ ఆ ఊరిది కాదు. మనకు తెలిసిన సుబాబుల్ మెక్సికో వైపు చెట్టు. దాని గింజల పురుగు కూడా చెట్టు వెనకాలే ఎన్నో దేశాలు తిరిగింది. దక్షిణాఫ్రికాలో సుబాబుల్ కలుపులా పెరిగిపోతుంటే, దాన్ని అదుపు చేయడానికి 1999లో ఆ పురుగును కావాలనే వదిలారు.

చాలా పురుగులు తమ చెట్టు గింజ తప్ప వేరేది ముట్టవు. అన్నీ అలా ఉండవు. మన చింతగింజలను తొలిచే పురుగే పశ్చిమ ఆఫ్రికాలో నిల్వ చేసిన వేరుశనగకు పెద్ద శత్రువైంది. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. చెట్ల కాయల్లో బతికే పురుగుకు కొత్త తిండి దొరికింది, అలవాటు చేసుకుంది.

బయటి నుంచి వచ్చినదంతా చెడ్డదని నేను అనడం లేదు. మనం కొట్టి, గింజ తీసి, సంతకు మోసే చింతపండు చెట్టు కూడా పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చిందే. చుట్టం వస్తే కాళ్లకు నీళ్లిచ్చి, కడుక్కున్నాకే లోపలికి పిలుస్తాం కదా. విత్తనానికీ ఆ మర్యాదే చేయాలి.

రేపు వనమహోత్సవానికి మొక్కలు నాటేది మీరే. ఫోన్‌లో చూసి ఎక్కడెక్కడి గింజలో తెప్పించేదీ మీరే. అందుకని మూడు మాటలు చెబుతాను. కొత్త గింజలను మూత బిగించిన గాజు సీసాలో రెండు నెలలు విడిగా ఉంచి చూడండి. పురుగు కనిపిస్తే పారేయకండి, కాల్చేయండి. ఇంటి విత్తనాన్ని బాగా ఎండబెట్టి, అవ్వలు చేసినట్టే బూడిదో, వేపాకో కలిపి దాచండి. ఒక్క ఇంట్లోనే ఉంచకండి, రెండు మూడు ఇళ్లలో పంచి పెట్టండి.

ఇటుకల పండుగకు మన పెద్దలు విత్తనాన్ని దేవుడి ముందు పెడతారు. ఆ విత్తనాన్ని ఏడాదంతా కన్నం పడకుండా కాపాడటం కూడా సంస్కృతే.

మిగిలిన గుప్పెడు చిక్కుడు గింజలను హాస్టల్ కంచె వెంట పెట్టాం. కాసిన కాయల్లో కొన్ని కోయకుండా తీగ మీదే ఎండనిచ్చి, ఆ గింజలు మూటకట్టి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. ఇంటికి పట్టుకెళ్లింది.

జై ఆదివాసీ.