పలక ఎంత తేలికగా ఉండాలి?



ట్యాబ్లెట్ అనగానే మా అత్తయ్యగారికి పొద్దున్నే వేసుకునే బీపీ మాత్ర గుర్తుకొస్తుంది. నేనివాళ మాట్లాడబోయేది ఆ మాత్ర గురించి కాదు. చేత్తో పట్టుకుని వేలితో తాకుతూ చూసుకునే చిన్న కంప్యూటరు గురించి. దాన్ని ట్యాబ్ అనండి, పలక అనండి. నాకైతే పలక అన్న మాటే బాగుంటుంది. మనలో చాలామందిమి అక్షరాలు దిద్దింది పలకమీదే గదా! అందులోనూ రెండు రకాలుండేవి, జ్ఞాపకముందా? చెక్క చట్రంలో బిగించిన రాతి పలక ఒకటి, రేకు పలక ఒకటి. రాతి పలకమీద బలపంతో రాస్తే అక్షరం ముత్యంలా కనిపించేది. కాని చేయి జారిందా, రెండు ముక్కలు. రేకు పలక తేలిక, పడ్డా పగలదు. అక్షరం మాత్రం అంత స్పష్టంగా పడేది కాదు. తేలిక కావాలంటే ఇంకేదో కాస్త వదులుకోవాలన్న సంగతి మనకి అయిదో ఏటనే తెలుసన్నమాట. ఈ కొత్త పలకల దుకాణం మెట్లెక్కేసరికి ఎందుకో అది మరిచిపోతాం.

దుకాణంలో నిలబడి చూడండి, ఎవరు వచ్చినా ఒకటే వరస. తేలికగా ఉండాలి, తెర పెద్దదిగా ఉండాలి, బొమ్మ అద్దంలా కనపడాలి, బ్యాటరీ రెండ్రోజులు రావాలి, ధర మాత్రం పదివేలు దాటకూడదు. అబ్బాయి పొడుగ్గా ఉండాలి, పెద్ద ఉద్యోగం ఉండాలి, ఆడపడుచులు ఉండకూడదు, కట్నం అడగకూడదు అన్నట్టు! దొరక్కపోవచ్చునని కాదు నేననేది. ఈ కోరికలు ఒకదానితో ఒకటి తగువు పడతాయి, అది తెలుసుకుని అడిగితే బాగుంటుందని.

తగువంతా బ్యాటరీ దగ్గర మొదలవుతుంది. 2010లో ఆపిల్ కంపెనీ తెచ్చిన మొదటి ఐప్యాడ్ 680 గ్రాములుండేది. 2011లో వచ్చిన రెండోది 601 గ్రాములకి దిగింది. ఇంకేం, ఏటేటా తగ్గుతూ పోతుందనుకున్నారు జనం. 2012లో మూడోది వచ్చి 652 గ్రాములు తూగింది! కారణమేమంటే, తెర మరింత స్పష్టంగా ఉండాలని దానిమీది చుక్కల్ని నాలుగింతలు చేశారు. చుక్కలు పెరిగితే వెనకనుంచి వెలుతురు ఎక్కువ కావాలి. వెలుతురు పెంచితే కరెంటు ఎక్కువ తాగుతుంది. దాంతో 25 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్నచోట 42 పైచిలుకుది పెట్టాల్సొచ్చింది. బొమ్మ బాగుంది, చెయ్యి లాగింది. మరుసటేడు, అంటే 2013లో, లోపలి సరంజామా అంతా కుదించి 469 గ్రాములకి దించగలిగారు. ఇప్పుడు దొరికే పది, పదకొండు అంగుళాల పలకలు, ఏ కంపెనీవైనా, చాలావరకు 450కీ 550కీ మధ్య ఉంటున్నాయి. ఎనిమిది అంగుళాలవి 300 నుంచి 370 దాకా.

ఈ గ్రాములు కాగితంమీద చదివితే మనకేమీ తెలియదు. ఈ విషయంలో ఆలన్ కే అనే ఆయన చేసిన పని నాకు భలే నచ్చింది. ఆయన అమెరికాలో కంప్యూటర్ల మీద పరిశోధన చేసినవాడు. 1968లో, కంప్యూటరంటే గదంతా ఆక్రమించే రోజుల్లో, పిల్లలు చేత్తో పట్టుకుని తిరిగే కంప్యూటరు ఒకటుండాలని ఊహించాడు. ఊహించి ఊరుకోలేదు. అట్టతో ఒక నమూనా చేసి, అందులో సీసపు గుళ్లు పోసి, ఎంత బరువుదాకా చేతికి ఫరవాలేదో చూసుకున్నాడు. రెండు పౌన్లకి లోపు, మన లెక్కలో సుమారు 900 గ్రాములలోపు, ఉండాలని తేల్చుకున్నాడు. వస్తువింకా పుట్టనేలేదు, తూకం మాత్రం ముందే చూసేశాడు. వంట వచ్చిన మనిషి బుద్ధిలా లేదూ?

మనకి సీసపు గుళ్లెందుకు, వంటింట్లో కందిపప్పు ఉంది. కిలో మిఠాయి వచ్చే అట్టపెట్టె ఒకటి తీసుకుని అరకిలో కందిపప్పు పోసి, మూతపెట్టి దారం కట్టండి. ఒక పక్క అంచు ఎడమచేత్తో పట్టుకుని, మొహానికి ఎదురుగా పెట్టుకుని, రేడియో పెట్టుకు కూర్చోండి. మొదటి పాటకి ఏమీ అనిపించదు. రెండో పాటకి చెయ్యి మారుస్తారు. మూడో పాటకి బొటనవేలి మొదట్లో లాగడం మొదలవుతుంది. బిందె చంకనెత్తుకుంటే అంత బరువనిపించదు, అదే చెయ్యి చాచి పట్టుకుంటే భుజం పీకేస్తుంది. ఇదీ అంతే. ఇప్పుడు అందులోంచి మూడోవంతు పప్పు తీసేసి మళ్లీ పట్టుకోండి. ఆ తేడాయే పది అంగుళాల పలకకీ ఎనిమిది అంగుళాల పలకకీ ఉన్న తేడా. దుకాణంలో అర నిమిషం పట్టుకుంటే అన్నీ తేలికే, ఏ పలకైనా తేలికే!

అందుచేత, కొనేముందు ధరకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దీన్ని ఎవరు పట్టుకుంటారు? కూర్చునా, పడుకునా? ఎంతసేపు?

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. డెబ్భై దాటాయి. కూతురు అమెరికాలో ఉంటుంది, ఆదివారం ఆదివారం వీడియోలో పలకరిస్తుంది. కొడుకు కొత్త పలక కొనుక్కుని, పాతది, పది అంగుళాలది, దళసరి అట్టతో సహా అమ్మకిచ్చాడు. మంచి ఉద్దేశంతోనే ఇచ్చాడు లెండి. ఆవిడ కూతురితో అయిదు నిమిషాలు మాట్లాడేసరికి "సరే, ఉంటానమ్మా" అనేవారు. మిగతా రోజుల్లో అది బీరువామీదే. "నాకెందుకు నాయనా ఇవన్నీ" అనేవారు. పెద్దవాళ్లకి కొత్త వస్తువులు పట్టవని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. అక్కడ కూతురేమో, అమ్మకి నామీద కోపమేమోనని లోలోపల కుమిలిపోతోందట. ఒక ఆదివారం ఆ పాత పలకలో చార్జింగు లేక, మనవడు తన చిన్న పలక అందించాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను. ఆవిడ ముప్పావుగంట మాట్లాడారు. ఆవకాయ కారం దగ్గర్నుంచి పక్కింటి పెళ్లిదాకా అన్నీ వచ్చాయి. ఫోను పెట్టేశాక, "ఇది హాయిగా ఉందే, చెయ్యి లాగట్లేదు" అన్నారు. అప్పటికి ఎనిమిది నెలలైందట ఆ పాతది ఇచ్చి! చెయ్యి నొప్పెడుతోందని ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారీ అనలేదావిడ. ఇచ్చినవాణ్ణి నొప్పించడమెందుకని ఊరుకున్నారు.

మన ఇళ్లలో ఒక ఆచారం ఉంది. కొత్తది, తేలికది, ఖరీదైనది పిల్లలకీ ఉద్యోగస్తులకీ. వాళ్లు వాడి వదిలేసింది ముసలివాళ్లకీ, ఇల్లాలికీ. చీరలు, కుర్చీలు అయితే ఏదో సర్దుకుపోవచ్చు. పలక విషయంలో ఇది తలకిందులు వ్యవహారం. కుర్రాడి మణికట్టు ముప్పావు కిలోనైనా మోస్తుంది. కీళ్లనొప్పులున్న అత్తగారి చేతికి వంద గ్రాములు తగ్గినా లాభమే. ఇంట్లో ఒక్కటే తేలికైనది కొనే తాహతుంటే అది ఎవరి చేతికివ్వాలో మీరే ఆలోచించండి.

అలాగని ఇంట్లో ఉన్న పెద్ద పలకను పారేయమనడం లేదు. భాగవతం చదువుకునే వ్యాసపీఠం చాలా ఇళ్లలో అటకమీదుంటుంది. దించి తుడిచి దానిమీద పెట్టండి, బరువు మాటే ఉండదు. వంటింట్లో గట్టుమీద డబ్బాకి ఆనించి పెట్టుకునేదానికీ బరువుతో పనిలేదు. అక్కడ కావాల్సింది కుక్కరు కూతమీద కూడా వినపడే గొంతు. మరీ పలచగా చేసిన చవకరకాలు కొన్నిటిలో ఆ గొంతే పీలగా ఉంటుంది. వినే చెవి పెద్దవాళ్లదైతే ఇది తప్పకుండా దుకాణంలోనే పెట్టి విని చూసుకోవాలి.

మరి రాత్రి పనులన్నీ అయ్యాక, ఒక పక్కకి ఒత్తిగిల్లి సీరియల్ చదువుకునేవాళ్ల సంగతి? మనలో చాలామందిమి అదే బాపతు. దీనికి తేలికది కావాలి, నిజమే. కాని తెలుగు చదివేవాళ్లకి ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాలు ఒక వరసలో నిలబడతాయి. మన అక్షరాలకి కింద వత్తులు, పైన గుడులు. పాత వారపత్రికల పుటల్ని ఫొటో తీసి పెట్టినవి చిన్న తెరమీద తెరిస్తే పుట మొత్తం కుంచించుకుపోయి, వత్తు ఏదో నలుసేదో తెలియదు. పెద్దది చేస్తే సగం వాక్యం తెర దాటిపోతుంది. వేలితో అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. కథలో హీరోయిన్ ఏడుస్తుంటే మనం పుట జరుపుకుంటూ ఉంటాం! అలాంటి పత్రికలు చదివేవాళ్లకి పది అంగుళాలే సుఖం, అదీ పొడుగ్గా సన్నగా కాకుండా కాస్త వెడల్పుగా ఉన్న తెర. సినిమాలకి పొడుగు తెర బాగుంటుంది, పుస్తకానికి వెడల్పు. ఈ-పుస్తకంగా తయారుచేసినవైతే అక్షరం ఎంత పెంచినా వాక్యం తనంతట తాను సర్దుకుంటుంది, వాటికి ఎనిమిది అంగుళాలు చాలు. ఉత్త చదువుకే అయితే కిండిల్ లాంటివి 200 గ్రాముల ప్రాంతంలో ఉన్నాయి. వాటి తెర కాగితంలా ఉంటుంది, పుట మార్చినప్పుడు తప్ప కరెంటు పెద్దగా తాగదు. అందుకే చిన్న బ్యాటరీ, అందుకే తేలిక. రంగుల సినిమా, వీడియో పిలుపులు మాత్రం వాటిమీద ఆశించకూడదు.

మన లిపి సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న మన అక్షరాన్ని ఒక రకంగా కూర్చి పంపితే, అది చూపించబోయి ఐఫోన్లూ ఐప్యాడ్‌లూ కుప్పకూలేవి. ఆ నెలలోనే కంపెనీ వాళ్లు సరిదిద్దారనుకోండి. అంత గొప్ప యంత్రానికీ మన "జ్ఞా" కొరుకుడుపడలేదు, రెండో తరగతి పిల్లలు చదివేస్తున్నారు!

చవక గురించి కూడా చెప్పుకోవాలి. 2011 అక్టోబరులో ఢిల్లీలో "ఆకాశ్" అనే పలకను విడుదల చేశారు. విద్యార్థుల కోసమని ప్రభుత్వం తలపెట్టినది, ప్రభుత్వానికి ఒక్కొక్కటి రెండు వేల పైచిలుకు రూపాయలకే పడింది. దాన్ని కూర్చింది మన హైదరాబాదులోనే. ఏడు అంగుళాల తెర, బరువు 350 గ్రాములు. ధర చవక, చేతికి తేలిక, ఇంకేం కావాలి? కాని తెర వేలితో తాకితే పలికేది కాదు, గట్టిగా నొక్కాల్సొచ్చేది. బ్యాటరీ చిన్నది, నడక నెమ్మది. మరుసటేడు తెర మార్చి రెండోది తెచ్చారు. ఆ ప్రయత్నాన్ని తీసిపారేయను. పేదపిల్లల చేతికి కంప్యూటరు అందాలన్న ఆలోచన మంచిదే. తేలిక అన్న ఒక్క మాట చూసి మురిసిపోకూడదనడానికి చెప్పాను. ఎక్కడ తగ్గించారో కనుక్కోవాలి.

పిల్లల విషయం ఎక్కువ సాగదీయను. 2020లో బళ్లు మూతపడినప్పుడు పాఠాల కోసం చాలామంది పలకలు కొన్నారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి పంచింది. బడిసంచి బరువు పిల్లవాడి బరువులో పదోవంతు దాటకూడదని 2020లో కేంద్రప్రభుత్వం విధానమే చేసింది. నలభై కిలోల పిల్లకి నాలుగు కిలోలు. పలక వచ్చింది కదా, పుస్తకాలు తగ్గాయా అని ఒకసారి ఆ సంచి ఎత్తి చూడండి.

ఇక ఆఖరుది, అట్ట. కంపెనీవాళ్లు చెప్పే బరువు ఒంటి పలకది. మనం ఒంటి పలక వాడం. గాజు గదా, పడితే వేలు ఖర్చు. అందుకని దళసరి అట్ట వేయిస్తాం, అది నిలబడడానికి వెనక ఒక మడత, పైన గాజు రేకు ఒకటి. మీటలున్న అట్ట అయితే కొన్ని పలకంత బరువూ ఉంటాయి. దుకాణంలో అట్ట బరువెంత అని అడిగాను, అమ్మే అబ్బాయి నన్ను వింతగా చూశాడు. సరే అని, కొన్నాక మా వీధి చివర కిరాణా కొట్లో కాటామీద అట్టతో సహా పెట్టించాను. పెట్టె మీద 480 అని రాసుంది, కాటా 742 చూపించింది. కొట్టు శెట్టిగారు కళ్లజోడు సర్దుకుని, "కిలో ఎంత పడిందమ్మా?" అన్నారు.

ఉంటాను, సెలవు.