తిరిగి రాని పార్సిల్

(ఇంటి నుంచి ఆన్‌లైన్ అమ్మకాలు చేసే సోదరీమణుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వడ్డీ లేని అప్పుతో సరుకు కొని, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి వాటిలో అమ్ముకుంటున్న సోదరీమణులు ఈ సభలో ఉన్నారు. "ఆర్డర్లు వస్తున్నాయి గానీ డబ్బు మిగలడం లేదు" అన్న మాట వారి నోట తరచూ వింటున్నాను. డబ్బు ఎక్కడ పోతోందో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం.

ఒక సెట్టు గాజులు అమ్మితే మీకు 60 రూపాయలు మిగులుతుందనుకోండి. ఒక పార్సిల్ తిరిగొస్తే కొరియర్ ఖర్చు, ప్యాకింగ్, పాడైన సరుకు కలిపి 150 రూపాయలు పోతుందనుకోండి. 100 ఆర్డర్లలో 20 తిరిగొస్తే, 80 మీద వచ్చిన 4,800లోంచి 3,000 పోయి చేతికి 1,800 మిగులుతుంది. అదే 10 మాత్రమే తిరిగొస్తే 5,400లోంచి 1,500 పోయి 3,900 మిగులుతుంది. కొత్తగా ఒక్క ఆర్డరు కూడా రాలేదు. అయినా ఆదాయం రెట్టింపు దాటింది. అప్పు వాయిదా కట్టగలమా లేదా అన్నది చాలాసార్లు ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

"కస్టమర్లే మంచివాళ్లు కారు" అని కొందరంటారు. వాడుకుని తిప్పి పంపేవాళ్లు లేకపోలేదు. కానీ వాళ్లను మనం మార్చలేం. మనం రాసే వివరాలు, పెట్టే ఫొటో, కట్టే పెట్టె మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.

మనకు బాగా తెలిసిన లక్క గాజులనే తీసుకుందాం. హైదరాబాద్ లాడ్ బజార్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వీటిలో ఎక్కువ చిక్కు తెచ్చేది సైజు. దుకాణంలో 2-4, 2-6, 2-8 అంటే చాలు, అర్థమైపోతుంది. 2-4 అంటే రెండు అంగుళాల మీద అంగుళంలో పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంపావు అంగుళాలు. లోపలి వెడల్పు సుమారు 57 మిల్లీమీటర్లు. 2-6 అయితే 60, 2-8 అయితే 63.5. మనం దాన్ని "2.4" అని రాస్తే, దూరాన ఉన్న కొనుగోలుదారు స్కేలు పెట్టి కొలుచుకుని 2.4 అంగుళాలు అనుకుంటుంది. అంటే 61 మిల్లీమీటర్లు. ఆమెకు కావలసింది దాదాపు 2-6. వెళ్లేది 2-4. లక్క గాజు సాగదు, చేతికి ఎక్కదు, వెనక్కి వస్తుంది. ఇందులో ఆమె తప్పు ఏముంది?

అందుకని సైజు పక్కనే మిల్లీమీటర్లు రాయండి. "మీకు సరిపోయే పాత గాజును స్కేలు మీద పెట్టి, లోపలి అంచు నుంచి లోపలి అంచు వరకు కొలవండి" అని ఒక వాక్యం చేర్చండి. స్కేలు మీద గాజు పెట్టిన ఫొటో ఒకటి పెట్టండి. కార్ఖానా నుంచి సరుకు రాగానే ప్రతి సెట్టుకూ సైజు చీటీ అతికిస్తే, హడావుడిలో ఒకదాని బదులు ఇంకొకటి వెళ్లదు.

రెండోది ఫొటో. పచ్చని బల్బు వెలుతురులో తీస్తే రంగు మారిపోతుంది. పగటిపూట కిటికీ దగ్గర తీయండి, ఫిల్టర్లు వాడకండి. ఫొటోలో 12 గాజులు చూపించి 4 పంపితే గొడవ తప్పదు. ఎన్ని వస్తాయో పేరులోనే రాయండి. చేత్తో అద్దిన రాళ్ల వరుసలో చిన్న తేడాలుంటే దగ్గర నుంచి తీసి అదీ చూపించండి.

"లోపం చూపిస్తే ఎవరు కొంటారు?" అని మీకు అనిపించవచ్చు. ధాన్యపు కుప్ప అడుగున తడి కనిపించినప్పుడు, జనానికి కనబడేలా ఆ తడిసిన గింజలను పైన ఎందుకు ఉంచలేదని మహాప్రవక్త (స) వ్యాపారిని అడిగిన సంగతి మనందరికీ తెలుసు. ఆన్‌లైన్‌లో కొనేవారు కుప్పలో చెయ్యి పెట్టి చూడలేరు. వాళ్ల తరఫున ఆ చెయ్యి మనమే పెట్టాలి. దాచి అమ్మినది నాలుగు రోజుల్లో కొరియర్ ఖర్చుతో సహా మన గుమ్మానికే వస్తుంది.

మూడోది ప్యాకింగ్. గాజుల మధ్యలో కాగితం ఉండ పెట్టి, చుట్టూ బబుల్ షీటు చుట్టి, గట్టి అట్టపెట్టెలో పెట్టండి. పెట్టెను చెవి దగ్గర ఊపి చూడండి. చప్పుడైతే మళ్లీ కట్టండి. "వేడికి, నీటికి దూరంగా ఉంచండి" అన్న చీటీ లోపల వేయండి. లక్క వేడికి మెత్తబడుతుంది. ఆర్డరు లేబుల్ కనబడేలా ప్యాకింగ్ వీడియో తీయండి. తిరిగొచ్చిన పార్సిల్ విప్పేటప్పుడూ తీయండి. సరుకు మారి వస్తే ఫిర్యాదుకు అదే ఆధారం. ఫిర్యాదు గడువు ఒక్కో వేదికకు ఒక్కోలా ఉంటుంది, ముందే చూసుకోండి.

క్యాష్ ఆన్ డెలివరీలో ఆలస్యమైతే కొనేవారి మనసు మారుతుంది, తలుపు దగ్గరే వద్దంటారు. కాబట్టి వీలైనంతవరకు ఆర్డరు వచ్చిన రోజే పంపించండి.

రిటర్నులు తగ్గించడమంటే కస్టమర్‌ను అడ్డుకోవడం కాదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, లోపమున్న సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనంటే కుదరదు. కొనుగోలుదారుల పేరుతో మనమే మంచి రివ్యూలు రాసుకోవడం కూడా ఆ నియమాలకు విరుద్ధమే. న్యాయంగా వచ్చిన రిటర్నును మంచి మాటతో తీసుకోండి. ఆమె మళ్లీ కొనవచ్చు.

చివరిగా ఒక నోటుపుస్తకం పెట్టండి. తిరిగొచ్చిన ప్రతి పార్సిల్‌కూ కారణం రాయండి: సైజు, రంగు, విరిగింది, వేరేది వెళ్లింది, మనసు మారింది. నెలాఖరున లెక్కపెట్టి, ఎక్కువసార్లు రాసిన కారణాన్ని ముందు సరిచేయండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి అలసిపోకండి.

ఈ రాత్రి ఇంటికెళ్లాక మీ దగ్గర ఎక్కువగా తిరిగొస్తున్న ఒక్క సరుకు పేజీ తెరిచి, కొనేవారి కళ్లతో చదవండి. ఏం అర్థం కాలేదో అది రాసి చేర్చండి. అల్లాహ్ మీ కష్టార్జితంలో బర్కత్ ప్రసాదించుగాక.