పురంజనుని పురము



మన గృహములలో భాగవతశ్రవణము తాతలనాఁటినుండి వచ్చుచున్నది. ప్రహ్లాదచరిత్రమును, గజేంద్రమోక్షమును ఎఱుఁగనివా రరుదు. చతుర్థస్కంధములోని పురంజనోపాఖ్యానము మాత్ర మంతగా వినఁబడదు. పురాణమును మనోవృత్తులకు సంకేతముగాఁ జదువవచ్చునా యని సంశయించువారు ముందుగా దీనినే చూడవలెను. ఏలయన, ఇచ్చట సంకేతమును విప్పినవాఁడు పిమ్మటి వ్యాఖ్యాత గాఁడు, కథ చెప్పిన నారదుఁడే. యజ్ఞకర్మలలో మునిఁగియున్న ప్రాచీనబర్హి తనకుఁ గథ బోధపడలేదనఁగా మునియే తాళపుఁజెవి నిచ్చెను. ఇట్టి తాళపుఁజెవి లేనిచోట ఇష్టమువచ్చిన యర్థమును జొప్పించుట నాకు సమ్మతము గాదు.

9 వాకిళ్ల పురము దేహము. అందుఁ బ్రవేశించిన పురంజనుఁడు జీవుఁడు. అతఁడు వరించిన పురంజని బుద్ధి. పురమును గాచు ఐదుతలల సర్పము ప్రాణము. దాని పేరు ప్రజాగరుఁడు, అనఁగా మేల్కొనియుండువాఁడు. గాఢనిద్రలోఁ గన్నును, జెవియు, మనస్సును బని మానును, ఊపిరి మానదు. చండవేగుఁడు సంవత్సరము, అతని 360 మంది గంధర్వులు పగళ్లు, 360 మంది గంధర్వస్త్రీలు రాత్రులు. ఈ 720 మందితో నా సర్పము 100 ఏండ్లు ఒంటరిగాఁ బోరాడి డస్సినది.

అయినను కథకుఁ బ్రాణము వేఱొకచోట నున్నది. పురంజని త్రాగిన నతఁడు త్రాగును; ఆమె యేడ్చిన నేడ్చును, నవ్విన నవ్వును. బుద్ధికిఁ గలిగిన స్థితిని జీవుఁడు తనదిగా నెంచుట యిదియే. అంగడిలో నష్టము వచ్చిననాఁడు ఇల్లు చేరి బిడ్డలపై విసుగుకొను గృహస్థుఁడు, తన బుద్ధి కలఁగినదని యెఱుఁగఁడు. లోకమే చెడినదని తలఁచును.

ఈ కథను జూపి స్త్రీయే పురుషునికి బంధమని నిందించువారు కలరు. వారు కథను వినిరి గాని నారదుని వివరణమును వినలేదు. పురంజని యొకరి యిల్లాలు గాదు. స్త్రీపురుషు లిరువురియందు నున్న బుద్ధి. మఱియు మరణకాలమున భార్యనే తలఁచిన పురంజనుఁడు విదర్భరాజపుత్రికయై పుట్టి, మలయధ్వజునిఁ బెండ్లాడి, భర్త మరణింపఁగా విలపించుచుండెను. అప్పుడు పూర్వమిత్రుఁడగు అవిజ్ఞాతుఁడు బ్రాహ్మణరూపమున వచ్చి, తామిరువురు మానససరస్సున నుండిన హంసలమని జ్ఞాపకము చేసెను. ఆ మిత్రుఁడే యీశ్వరుఁడు. పురుషుఁడై యున్నప్పుడు పొందని యెఱుకను జీవుఁడు స్త్రీయై పొందినాఁడు. పురాణకాలక్షేపమున స్త్రీలను వెనుకఁ గూర్చుండఁబెట్టి, ప్రశ్నింపనీయకుండుట కీ కథలో నాధార మెక్కడ?

సంస్కృతమూలమున నిది 25వ యధ్యాయము మొదలు 29వ దాఁక నున్నది. తెనుఁగున పోతన రచన మనకుఁ గలదు. ఏటేట జరుగు మన సభలలో నొక సాయంకాలము దీనికై కేటాయింపుఁడని కార్యనిర్వాహకులను గోరుచున్నాను. చదువువారు కొలఁదిగాఁ జదివి, వినువారిని అడుగనిండు.