నాజూకు అక్షరాలు



మా పెద్దమ్మాయి పెళ్లికి శుభలేఖలు రెండు రకాలుగా వేయించాము. తెలుగువి మన బంధువులకు, ఇంగ్లీషువి మావారి బొంబాయి స్నేహితులకు. ఇంగ్లీషు కార్డంతా తోకలూ మెలికలూ ఉన్న పెద్దక్షరాలతో నింపి నమూనా చూపించారు. ముచ్చటపడి సరేనన్నది నేనే. తీరా పెళ్లినాడు ఒక కుటుంబం, వీధి పేరులో మొదటి అక్షరం ఎల్లో ఎస్సో తేలక ఊరంతా తిరిగి, తాళి కట్టడం అయిపోయాక వచ్చారు. ఆవిడ మొహం చూడలేకపోయానంటే నమ్మండి.

అప్పటినుంచీ అలాంటి అక్షరాలంటేనే కోపం. ‘అరియాడ్నే’ గురించి తెలుసుకున్నాక ఆ కోపం కాస్తా నామీదికే మళ్లింది.

అరియాడ్నేని గీసింది ఒక స్త్రీ. పేరు గుద్రున్ జాఫ్ ఫాన్ హెస్. 1918లో జర్మనీలో పుట్టింది. మొదట నేర్చినది పుస్తకాలకు బైండు కట్టే పని. అట్టమీద పేర్లు వేయాలి గదా, అందుకని అక్షరాలు దిద్దడం పట్టుకుంది. యుద్ధం ముగిశాక ఫ్రాంక్‌ఫర్ట్‌లో సొంతంగా బైండింగు పని పెట్టుకుని, అట్టలమీద అద్దడానికి ఇత్తడి అచ్చులు తన చేత్తోనే చెక్కుకుంది. వాటిని చూసి స్టెంపెల్ అనే అచ్చక్షరాల పోతశాలవారు ఆమెచేత టైపులు గీయించారు. అలా వచ్చినవే ‘డియోటిమా’, 1954లో ‘అరియాడ్నే’. భర్త హెర్మన్ జాఫ్ కూడా పేరుమోసిన అక్షరశిల్పే. ఆమె నూటొక్క ఏళ్లు బ్రతికి 2019లో పోయింది.

అరియాడ్నేలో చిన్నక్షరాలు లేవు. ఉన్నవన్నీ పెద్దక్షరాలే. వెడల్పు పాళీతో ఒక్క విసురులో రాసినట్టు ఒకచోట లావు, ఒకచోట వెంట్రుకవాసి సన్నం. చివరలు తీగలాగా చాచుకుంటాయి. ఆ తీగకు చోటు కావాలి. అందుకే పద్యానికో పేరాకో మొదట ఒక్క అక్షరం పెద్దదిగా పెట్టి, తక్కినదంతా డియోటిమా వంటి నెమ్మదైన అక్షరాల్లో కూర్చాలి. అసలు దాన్ని చేసిందే అందుకు. పక్కపక్కన నాలుగు పెట్టారా, తోకలు పెనవేసుకుని చిక్కుపడిన నూలుకండె అవుతుంది. మా కార్డుకు పట్టిన గతి సరిగ్గా అదే!

కాగితం కూడా చూసుకోవాలి. నాసిరకం కాగితంమీద సిరా పాకి సన్నగీత మొద్దుబారుతుంది. మరీ చిన్నగా వేస్తే గీతే మాయమౌతుంది. కచేరీ పత్రాలకు, పుస్తకం ముఖపత్రానికి, బహుమతి మీద పేరుకు బాగుంటుంది. మందుసీసా చీటీకి, రైలు వేళలకు పనికిరాదని వేరే చెప్పాలా?

ఇప్పుడు కంప్యూటరులో ఏ అక్షరమైనా చిటికెలో వస్తోంది. మా రెండోదాని పెళ్లికి పక్కనే కూర్చుని చేయించాను. వధువు పేరులో మొదటి అక్షరం, వరుడి పేరులో మొదటి అక్షరం, ఆ రెండే మెలికలవి. ముహూర్తం, మండపం, వీధి మామూలు నిలువక్షరాల్లో. “ఇంత సాదాగానా అమ్మగారూ?” అన్నాడు కుర్రవాడు. ఆ బొంబాయి ఆవిడ మాత్రం ఈసారి స్నాతకం వేళకే వచ్చి నా పక్కన కూర్చుంది.