పేడనుండి మంట

పాలు తోడుకొనుట, దోసెపిండి పులియుట మన యిండ్లలో నిత్యము జరుగునవే. గోబర్ గ్యాసు తొట్టిలో పేడ పులిసి, పొయ్యిలో మండు వాయువు పుట్టుటయు సూక్ష్మజీవుల పనియే. అయితే ఆ పని ఒక్క జాతివలన నెరవేరదు. తొట్టి మొరాయించుటకు కారణము తరచుగా ఇందే యున్నది గనుక దీనిని కొంత వివరింపదలచితిమి.

1776లో ఇటలీ దేశపు వోల్టా, మజ్జోరె సరస్సు బురదను కదలించి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, ఆ వాయువు మండునని చూపెను. నేటి ప్రయోగశాలలోని పరికరమును చూచిన ఆయన ఆశ్చర్యపడడేమో! ఒక గాజుకుప్పెలో నీటితో కలిపిన పేడను, పనిచేయుచున్న తొట్టినుండి తెచ్చిన పాతరొచ్చును పోయుదుము. లోపలి గాలిని నత్రజనితో వెడలగొట్టి రబ్బరు బిరడా బిగింతుము. మీథేనును పుట్టించు జీవులకు ప్రాణవాయువు గిట్టదు. కుప్పెను 35 డిగ్రీల వెచ్చని నీటిలో నిలుపుదుము. బిరడానుండి వచ్చు గొట్టము నీటిలో బోర్లించిన కొలజాడి క్రింద చేరును. వాయువు చేరినకొలది జాడిలో నీరు దిగును. దారిలో కాస్టిక్ సోడా ద్రావణము నుంచినచో బొగ్గుపులుసు వాయువు అందే నిలిచిపోవును. జాడి చేరునది చాలవరకు మీథేనే. సోడా ద్రావణము దాటకముందు ఆ వాయువులో నూటికి 50 మొదలు 70 పాళ్లు మీథేన్ ఉండుట సాధారణము. పాతరొచ్చు మాత్రమే పోసిన మరియొక కుప్పెను ప్రక్కన నుంచి, దాని వాయువును లెక్కలో తీసివేయుదుము. లేనిచో పేడ గొప్పతనము ఎంతో, రొచ్చు గొప్పతనము ఎంతో తేలదు.

ఇక లోపలి సంగతి. కొన్ని జీవులు పీచును, పిండిపదార్థమును విడగొట్టును. మరికొన్ని వానినుండి ఆమ్లములను, ఉదజనిని పుట్టించును. చివరివి ఎసిటికామ్లమును విరిచియో, ఉదజనిని బొగ్గుపులుసు వాయువుతో కలిపియో మీథేను చేయును. ఈ చివరివి బాక్టీరియాలే యని వెనుక తలచిరి; అవి వేరొక వంశమునకు చెందినవని 1977లో వోస్, ఫాక్స్ అనువారు తెలిపిరి.

ఆల్కహాలునుండి మీథేనును పుట్టించు ఒక జీవిని పెక్కేండ్లు ఒకే జాతిగా ప్రయోగశాలలలో పెంచిరి. 1967లో బ్రయంట్, ఆయన సహచరులు పరీక్షింపగా అవి రెండు జాతులని తేలెను! మొదటిది ఆల్కహాలును తిని ఉదజనిని విడుచును. ఆ ఉదజని పేరుకొన్న దాని పనియే ఆగును. రెండవది ఆల్కహాలును ముట్టజాలదు, ఉదజనిని మాత్రము హరించును. ఒకదాని ఎంగిలి రెండవదానికి విందు.

ఆమ్లము చేయు జీవులు త్వరగా పెరుగును. మీథేను చేయునవి బహు నెమ్మది. తొట్టిలో మిగిలిన అన్నము, తీపివస్తువులు ఒక్కుమ్మడి గుమ్మరించినచో ఆమ్లము పేరుకొని, నెమ్మదివి కుంటుపడును. బుడగలు వచ్చుచునే యుండును, కాని అందు అధికభాగము బొగ్గుపులుసు వాయువగుటచే పొయ్యి వెలుగదు. అప్పుడు మరింత మేత వేయవలెనని ఎవరికైనను తోచును. అదియే చేయరాని పని. కుప్పెలో నీలి లిట్మసు కాగితము ఎఱ్ఱనైనచో మేము మేత నాపి, పనిచేయుచున్న తొట్టినుండి రొచ్చు తెచ్చి కలుపుదుము. పులుపు మిక్కిలిగా నున్న కొద్దిగా సున్నపునీరు చేర్తుము. కొలజాడిలో నీరు మరల దినదినము దిగుట కనబడువరకు కొత్త మేత వేయము.