న్యాయశాస్త్ర కళాశాల గుమ్మము వరకు

(గరివిడి యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షిక సంవత్సరములో యువజనుల చదువును గూర్చి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు మమ్మును కోరినారు. వైద్యము, ఇంజనీరింగు గూర్చి చెప్పేవారు చాలామంది ఉన్నారు గనుక మేము న్యాయశాస్త్ర విద్యను ఎన్నుకున్నాము. మన గరివిడి మాంగనీసును, ఫేకర్ కర్మాగారమును నమ్ముకొని పెరిగిన ఊరు. ఇక్కడ ఏ వీధికి పోయినా ఒక కాగితము తగవు ఉంటుంది. ఒకరి ఇంట గ్రాట్యుటీ, ఒకరి ఇంట ప్రావిడెంటు ఫండు, ఇంకొకరి ఇంట తాతనాటి భూమి పట్టా. ఆ కాగితము పట్టుకొని చీపురుపల్లి కోర్టుకో, విజయనగరము కోర్టుకో పోయిన ప్రతి తండ్రి, మనవాళ్లలో ఒక్కరైనా నల్లకోటు వేసుకుంటే బాగుండునని అనుకొని తిరిగి వస్తాడు. ఆ నల్లకోటుకు దారి ఎక్కడ మొదలవుతుందో చెప్పేవారు మాత్రము తక్కువ.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవలెను. మా ఇంటి అమ్మాయి ఒకతె డిగ్రీ మంచి మార్కులతో ముగించి, న్యాయశాస్త్ర ప్రవేశ పరీక్షలో ర్యాంకు తెచ్చుకున్నది. ధ్రువపత్రముల పరిశీలన నాడు ఆమె పదవ తరగతి పత్రములో తండ్రి పేరు ఒక విధముగాను, కుల ధ్రువపత్రములో ఇంకొక విధముగాను కనబడినది. ఒకటి బడిలో వ్రాయించిన పేరు, రెండవది బాప్తిస్మపు పేరు. అప్పలస్వామి, యోహాను ఒక్కరేనని మన వీధి అంతటికీ తెలుసు. బల్లకు అవతల కూర్చున్న ఉద్యోగికి ఎట్లా తెలుస్తుంది? సరిచేయించి తెచ్చేసరికి సీటు పోయినది, ఏడాది పోయినది. ఆ రాత్రి ఆ బిడ్డ అన్నము ముట్టలేదు. పరీక్షకు ఆమె సిద్ధపడినది, కాగితములకు మేము సిద్ధపడలేదు. మరుసటి సంవత్సరము ఆమె చేరినది గాని, ఆ ఒక్క ఏడాదిని ఎవరు తిరిగి ఇవ్వగలరు? అందుచేతనే ఈ మాటలు.

మొదటి మాట, దారులు రెండు. ఇంటర్మీడియెటు తరువాత అయిదేండ్ల కోర్సు ఒకటి, డిగ్రీ తరువాత మూడేండ్ల ఎల్‌ఎల్‌బి ఒకటి. డిగ్రీలో ఉన్న మీకు రెండవది తగినది. బి.ఎ., బి.కాం., బి.ఎస్‌సి. ఏదైనా పనికివస్తుంది. అయితే డిగ్రీలో మార్కులు ఇంత ఉండవలెనని నియమము ఉన్నది. సాధారణ అభ్యర్థులకు 45 శాతము, వెనుకబడిన తరగతులవారికి 42 శాతము, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 40 శాతము. కాబట్టి మొదటి ఏడు సరదాగా గడిపి చివర చూసుకుందామంటే కుదరదు. మరొక జాగ్రత్త: ఇంటరు చదవకుండా సార్వత్రిక విశ్వవిద్యాలయములో నేరుగా డిగ్రీ చేసినవారిని బార్ కౌన్సిలు నియమములు అంగీకరించవు. ఎవరో చెప్పిన అడ్డదారిని నమ్మి మూడేండ్లు పోగొట్టుకోవద్దు.

రెండవ మాట, పరీక్ష. మన రాష్ట్రములో దాని పేరు లాసెట్. 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషములు. లెక్క వేస్తే ఒక్కొక్క ప్రశ్నకు 45 సెకనులు మాత్రమే. సామాన్య జ్ఞానము, బుద్ధి పరీక్ష కలిపి 30. వర్తమాన విషయములు 30. న్యాయశాస్త్రము చదువుటకు తగిన అభిరుచిని పరీక్షించే ప్రశ్నలు 60. ఈ మూడవ భాగములో రాజ్యాంగము ముఖ్యము. అర్హతకు 35 శాతము, అనగా 42 మార్కులు రావలెను. షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఈ కనీస మార్కుల నియమము లేదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ప్రశ్నలు తెలుగులో కూడ ఉంటాయి. డిగ్రీ చివరి సంవత్సరములో ఉన్నవారు సైతము వ్రాయవచ్చును. పరీక్ష కంప్యూటరు మీద జరుగుతుంది గనుక, మౌసు పట్టుట అలవాటు లేనివారు ముందే అలవాటు చేసుకోవలెను.

క్లాట్ అనే పరీక్ష మాట మీరు విని ఉంటారు. డిగ్రీ స్థాయిలో అది అయిదేండ్ల కోర్సుకు, ఇంటరు పిల్లలకు. విశాఖపట్నము దగ్గర సబ్బవరములోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములో అయిదేండ్ల కోర్సుకు, హైదరాబాదు నల్సార్‌లో అదే కోర్సుకు దాని ద్వారానే పోవలెను. అందులో తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. మీ ఇంట తమ్ముడో చెల్లెలో ఇంటరులో ఉంటే ఈ మాట వారికి చెప్పండి. డిగ్రీ అయినవారు దూరము పోదలచితే ఢిల్లీ విశ్వవిద్యాలయములో మూడేండ్ల ఎల్‌ఎల్‌బికి సి.యు.ఇ.టి. పి.జి. పరీక్ష ఉన్నది. బెంగుళూరు నేషనల్ లా స్కూలు కూడ 2022 నుండి మూడేండ్ల కోర్సు నడుపుతున్నది. దాని సొంత పరీక్షలో వ్యాసరూప జవాబులు సైతము వ్రాయవలెను.

అమెరికాలో న్యాయ కళాశాలకు దరఖాస్తు పెట్టేవారు ఎల్‌శాట్ మార్కులతో బాటు తమ్మును గూర్చి తాము వ్రాసుకున్న వ్యాసమును, గురువుల సిఫారసు లేఖలను పంపుతారు. మన లాసెట్‌కు అవేమీ అక్కరలేదు. అయినా ఆ వ్యాసమును ప్రతి విద్యార్థీ ఒకసారి తనకోసము వ్రాసుకోవలెనని మా సలహా. "నేను న్యాయశాస్త్రము ఎందుకు చదవాలి?" అని ఒక పేజీ. నాన్నగారు చదవమన్నారు అనే ఒక్క వాక్యము తప్ప ఏమీ రాకపోతే ఇంకా ఆలోచించండి. అమ్మ పట్టా కోసము ఎన్నిసార్లు ఆఫీసుకు తిరిగినదో వ్రాయగలిగితే, చదువు కష్టమైన రోజున ఆ పేజీయే మిమ్మును నిలబెడుతుంది.

మూడవ మాట, మూడేండ్లను ఎట్లు పంచుకోవలెను. మొదటి సంవత్సరములో కాగితములు సరిచేసుకోండి. పదవ తరగతి పత్రమును ముందు పెట్టుకొని, అందులో ఉన్న పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ప్రకారము ఆధారు, కుల, ఆదాయ ధ్రువపత్రములు ఉన్నవో లేవో అక్షరము అక్షరము పోల్చండి. చదివిన ప్రతి బడి నుండి స్టడీ సర్టిఫికెటు తెచ్చి ఒక సంచిలో భద్రపరచండి. రెండవ సంవత్సరములో రాజ్యాంగమును తెలుగులో చదువుట మొదలుపెట్టండి. రోజుకు రెండు అధికరణములు చాలు. దినపత్రిక చదివి, ఒక నోటుపుస్తకములో రోజుకు అయిదు సంగతులు వ్రాసుకోండి. సెలవు దినములలో చీపురుపల్లి కోర్టులో వెనుక బల్ల మీద కూర్చొని విచారణ ఎట్లా నడుస్తుందో చూడండి. సాధారణముగా విచారణలు బహిరంగముగానే జరుగుతాయి. పేదలకు ఉచిత న్యాయసహాయమును గూర్చిన 39-ఎ అధికరణము 1976లో రాజ్యాంగములో చేరినది; 1987లో న్యాయసేవల చట్టము వచ్చినది. జిల్లా న్యాయసేవల సంస్థ నడిపే లోక్ అదాలత్తుకు ఒకసారి పోయి చూస్తే, పుస్తకములోని అధికరణము మనుషుల ముఖములలో కనబడుతుంది. మూడవ సంవత్సరములో పాత ప్రశ్నపత్రములు గడియారము ముందు పెట్టుకొని చేయండి.

నాలుగవది కొంచెము కష్టమైన మాట. షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారు, వారి సంతానము మన రాష్ట్రములో వెనుకబడిన తరగతుల 'సి' గ్రూపులోనికి వస్తారు. దానికి ఒక్క శాతము రిజర్వేషను. షెడ్యూల్డు తెగలవారికి మతము అడ్డు రాదు. ఈ ఏర్పాటు న్యాయమా కాదా అని మన ఇండ్లలో ఎంతో బాధతో మాట్లాడుకుంటాము. ఆ వాదమును చట్టసభలోను, న్యాయస్థానములోను వినిపించవలసినదే. కాని దరఖాస్తులో మాత్రము మనము ఏమై ఉన్నామో అదే వ్రాయవలెను. తప్పు పత్రముతో సంపాదించిన సీటు ఎప్పుడైనా చేయిజారిపోవచ్చు. రేపు కోర్టులో ప్రమాణము చేయించి సాక్ష్యము అడుగవలసినవారు తమ చదువును అసత్యముతో ఆరంభించరాదు. మనలో చాలామందికి 40 కాదు, 42 శాతము. కనీస మార్కుల మినహాయింపు కూడ లేదు. కనుక రెండింతలు చదువుదాము.

సీటు వచ్చిన తరువాత సంగతి రెండు మాటలలో చెబుతాము. ఇది ఉత్తర ప్రత్యుత్తరముల మీద చదివే చదువు కాదు. ప్రతి సబ్జెక్టులో 70 శాతము హాజరు ఉండవలెను. చదువు ముగిసినాక రాష్ట్ర బార్ కౌన్సిలులో పేరు నమోదు, ఆ తరువాత అఖిల భారత బార్ పరీక్ష. చట్టము చెప్పిన 750 రూపాయలకు మించి, షెడ్యూల్డు కులములు, తెగలవారి నుండి 125కు మించి నమోదు రుసుము వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024లో తీర్పు చెప్పినది. పేద ఇంటి బిడ్డలకు ఇది చిన్న మేలు కాదు.

సబ్బవరము విశ్వవిద్యాలయమునకు పేరైన దామోదరం సంజీవయ్యగారు కర్నూలు జిల్లాలో ఒక పేద దళిత కుటుంబములో పుట్టినారు. మద్రాసు లా కాలేజీలో చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినారు. ఆ దారిలో మన గరివిడి బిడ్డలు ఎందుకు నడువరాదు?

చివరగా సంఘ పెద్దలకు మా మనవి. గుడి ప్రక్క గదిలో ఒక బల్ల, ఒక దినపత్రిక, తెలుగు రాజ్యాంగ ప్రతి ఒకటి ఉంచండి. డిగ్రీలో చేరిన ప్రతి బిడ్డ కాగితములను ఆ బల్ల మీద పరచి, చదువు వచ్చిన ఒక పెద్ద పోల్చి చూడవలెను. ఒక్క అక్షరము తేడా వలన ఇంకొక బిడ్డ ఏడాది పోగొట్టుకొని ఏడ్చుట మాకు చూడవలెనని లేదు.